డ్యూకు గారి తిమింగలం

ఆస్కెటిల్ నార్మండీ తీరంలో ఉప్పు వండేవాడు. సముద్రపు ఇసుకను కడిగి, ఆ నీళ్లను సీసపు పెనాల్లో మరిగించి, అడుగున మిగిలింది గీకి బుట్టలకెత్తడం. అరవై ఏళ్ల బతుకులో యాభై ఏళ్లు అదే పని. అతని చేతులకు ఎంత ఉప్పు పట్టిందంటే, పులుసులో వేలు ముంచితే చాలు, ఇంకేమీ వెయ్యక్కర్లేదు. నమ్మనివాళ్లు ఆ పులుసు తాగి ఉండరు.

అతని నలభయ్యో ఏట, చలికాలం ముందు, ఒక తుఫాను ఒడ్డున తిమింగలాన్ని పడేసి పోయింది. తల ఈ ఊళ్లో, తోక పక్క ఊళ్లో. రెండూళ్ల పాదిరీలూ ఎవరి కొసకు వాళ్లు పవిత్రజలం చల్లారు. మొదట చూసింది ఆస్కెటిల్. ఊరంతా కత్తులు నూరింది. మాంసం ఉంది, ఉప్పు ఉంది, ఇక ఈ ఏడు పస్తుల్లేవు.

కానీ సముద్రం విసిరిందల్లా ఆ సీమనేలే డ్యూకుదేనని శాసనం. ఆయన అధికారి గుర్రం దిగకుండా ఈటెతో తాకగలిగితే డ్యూకుది, తాకలేకపోతే మొదట చూసినవాడిది. అధికారి వచ్చేదాకా చూసినవాడే కాపలా. అందాకా సొత్తును ఎవరు కోసినా, అది చెడినా వాడి కుడిచెయ్యి నరుకుతారు.

కబురు వెళ్లింది. డ్యూకు ఎక్కడో ఎవరి కోటనో ముట్టడించి కూర్చున్నాడు, అధికారీ అక్కడే. వారానికి తోలు ఉబ్బింది. రెండో వారానికి నల్లటి జిగురు కారింది. పైనుంచి పోయే కొంగలు కళ్లు తిరిగి పడ్డాయి, ఆవులు పొదుగులోనే పెరుగిచ్చాయి. భార్య గున్నోరా అతన్ని పందుల దొడ్లో పడుకోమంది. పందులు లేచి ఇంట్లోకి వచ్చేశాయి.

దారిన పోయే వర్తకుడొకడు, మా డ్యూకు ఏలుబడిలో బంగారు గొలుసు దారి పక్క చెట్టుకు వేలాడదీసినా ఎవడూ ముట్టడని పొగిడాడు.

"బంగారం కుళ్లదు కదయ్యా," అన్నాడు ఆస్కెటిల్, ముక్కు మూసుకునే.

అతనికి వాసన కన్నా పురుగులే ఎక్కువ రోత పుట్టించాయి. ఊళ్లో పిల్లలు డొక్కలు ఎండి చూస్తుంటే అవి డ్యూకు సొత్తును హాయిగా మేస్తున్నాయి. వాటి చేతులు నరికేవాడు లేడు.

ఇరవై మూడో రోజున అధికారి సెర్లో వచ్చాడు. దూరం నుంచే ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు.

"ఒరే, డ్యూకు గారి మాంసం పాడు చేశావు. చెయ్యి చాపు."

ఆస్కెటిల్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అయినా ఊరంతా వెనక నిలబడి చూస్తోంది.

"అది డ్యూకు గారిదైతే కదా దొరా, నేను పాడు చేసింది? ముందు తాకండి."

సెర్లో గుర్రాన్ని అదిలించాడు. ఇరవై అడుగుల దూరంలో అది మొరాయించింది. కొడితే వెనక్కి నడిచింది. మూడోసారి కుక్కలా చతికిలబడింది. సెర్లో తన శిరస్త్రాణంలోనే కక్కుకుని, కిందికి దిగబోయాడు.

"దిగితే చెల్లదు దొరా."

"ఈటె విసురుతా."

"విసిరినా చెల్లదు. తమరి చేతిలోనే ఉండాలి."

ఊళ్లోవాళ్లు, అవునవును, మా తాతల నాటి నుంచీ అంతేనన్నారు. సెర్లో శిరస్త్రాణం వంచి పారబోసి, దాన్ని మళ్లీ పెట్టుకోలేక చంకన పెట్టుకున్నాడు.

"ఈ పెంట డ్యూకుది కాదు. నీదేరా. నువ్వే తిను."

ఆయన వెళ్లగానే అందరూ కత్తులతో ముందుకొచ్చారు. గున్నోరా మొదటి వేటు వేసింది. బూడిదరంగు గుజ్జు ఆమె మోచేతుల దాకా కారింది. ఎముక దాకా కోసినా అరచేయంత మంచి ముక్క దొరకలేదు. ఒక్కొక్కరే పక్కకెళ్లి కక్కుకుని ఇంటి దారి పట్టారు.

ఆస్కెటిల్ కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటుంటే, గున్నోరా ఇసుకతో చేతులు రుద్దుకుంటూ అంది:

"చెయ్యి మిగిలిందిలేవయ్యా. పద, అందులో పెట్టడానికి ఇంట్లో ఏముందో చూద్దాం."

ఓట్స్ గంజి ఉంది. అతనికి అదీ సయించలేదు.