బావకు సరిపోయే మొక్క

మా మామా ఇంట్లో మొక్కలన్నీ నా చేతి మీదే బతికేవి. కువైత్‌లో ఇంటిపని చేసేవాళ్లం యజమానురాలిని మామా అంటాం. రుమైథియాలోని ఆ ఇంట్లో హాలు నిండా కుండీలే. ఆవిడ కొనేది, వచ్చిన చుట్టాలకు చూపించేది, ఆ తర్వాత వాటి మొహం చూసేది కాదు. నీళ్లు పోయడం, ఆకుల మీద దుమ్ము తుడవడం, ఏసీ గాలి తగలకుండా పక్కకు జరపడం నా పని. ఎనభైల మొదట్లో నేను పనిలో చేరినప్పుడు వాటి పేర్లు నాకు తెలియవు. ఇప్పటికీ సగం తెలియవు, గుణాలు మాత్రం తెలుసు. ఒకటి ఊరికే అలుగుతుంది, ఒకటి ఓర్చుకుంటుంది, ఒకటి ఎంత సేవ చేసినా పెద్దింటి కోడలిలా మొహం మాడ్చుకునే ఉంటుంది.

నా భర్త మా మేనత్త కొడుకే. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు, పెళ్లయ్యాక కూడా అదే. మాది రాయచోటి పక్క పల్లె. ఆయన నాకంటే ముందే వచ్చి షుఐబాలో పైపులకు రంగులు వేసే పనిలో కుదిరాడు. బస కంపెనీ క్యాంపులో. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గానీ, శుక్రవారం మధ్యాహ్నం మామా రెండు గంటలు వదిలితేనే ఒకరి మొహం ఒకరికి కనిపించేది. ఆయన బస్సులు మారి వచ్చేవాడు. జమియా దుకాణం పక్కన అరుగు మీద నీడలో కూర్చుని నేను తెచ్చిన అన్నం తినేవాళ్లం.

ఒక యేడు బావ గదిలో పక్క మంచం మనిషి, మా ఊరి వైపు వాడే, పని ఖలాస్ అని ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి బావకు మాటే పడిపోయినట్టయింది. అన్నం పెడితే తినేవాడు, అడిగితే ఊ అనేవాడు, అంతే. నవ్వించాలని నేనెంత ఎగతాళి చేసినా గోడకు చెప్పుకున్నట్టే. క్యాంపుల్లో అలా మొదలై చివరికి తిండి కూడా మానేసిన వాళ్ల గురించి విని ఉన్నాను. కళ్లెదుట కూర్చునే మనిషి చేజారిపోతున్నాడని నాకు భయం పట్టుకుంది.

నేనేం చేయగలను? ఆ ఇంట్లో నా అధికారం చెల్లేది మొక్కల మీదే. అందుకే మొక్క ఇద్దామనుకున్నాను. గదిలో పచ్చగా ఒకటుంటే మనసు కాస్త తేరుకుంటుందని ఆశ. ఆయనకు సేద్యం తెలుసు గానీ, ఏసీ గదిలో డబ్బాలో మొక్కను పెంచడం కొత్త. మామాను అడిగితే "యల్లా, తీసుకో" అంది. మనీ ప్లాంట్ కొమ్మ విరిచి, పాలపొడి డబ్బాలో నాటి ఇచ్చాను. అది చావడం నేనెప్పుడూ చూడలేదు. బావ చేతిలో చచ్చింది. ముందు ఆకుల అంచులు మాడాయట, తర్వాత ఆకులే మాడాయట.

"ఏం పోస్తివి బావా దానికి?"

"నీళ్లే."

"ఏ నీళ్లు?"

"ఉప్పునీళ్లు. తాగే నీళ్లు ఎవరన్నా చెట్టుకు పోస్తారా మే?"

అక్కడ నీళ్లు రెండు రకాలు. తాగడానికి మంచినీళ్లు, కడగడానికీ బయటి తోటలకూ వేరే పైపులో ఉప్పునీళ్లు. క్యాంపుకు మంచినీళ్లు ట్యాంకర్‌లో వచ్చేవి. బిందెడు మంచినీళ్ల కోసం నడిచి నడిచి పెరిగిన ఊరి మనిషి, వాటిని డబ్బాలో మట్టికి ఎలా పోస్తాడు? మామా కుండీలకు మంచినీళ్లు పోస్తుంటే మొదట్లో నాకూ చెయ్యి ఆడేది కాదు.

అయినా పంతం వచ్చింది. ఏం చేసినా చావని మొక్క ఏదో తేల్చాలని, ఆ వారమంతా పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కుండీల మధ్య తిరిగాను. సన్నాకులది వద్దు, ఒక్క పూట నీళ్లు తప్పితే రాలిపోతుంది. వెడల్పాకులదానికి ఏసీ గాలి పడదు. రంగుల ఆకులది వెలుతురు అడుగుతుంది, బావ గది కిటికీ చూస్తే బడిపిల్లల పలకంత. చివరికి మెట్ల కింద చీకట్లో కత్తుల్లా నిలువుగా ఆకులు లేచే మొక్క దగ్గర ఆగాను. వేసవిలో మామా వాళ్లు ప్రయాణం పోయి, నన్ను చుట్టాలింటికి పనికి పంపినప్పుడు సగం కుండీలు ఎండిపోయినా, అది చెక్కుచెదరలేదు. దాని పక్కన పుట్టిన పిలకను తీసి నాటాను.

"నెలకు రెండు టీ గ్లాసుల మంచినీళ్లు చాలు బావా. ఆ మాత్రం పుణ్యం కట్టుకో" అని చేతికిచ్చాను.

అది బతికింది. నెలలు గడిచాయి. బావ మాత్రం మారలేదు, ఇంకా చిక్కిపోయాడు. ఒక శుక్రవారం ఉండబట్టలేక అడిగాను.

"చెట్టెట్లుండాది?"

"ఉండాది."

"పెరుగుతాండాదా?"

"ఏమో. నేను చూసినా అట్లే ఉంటాది, చూడకున్నా అట్లే ఉంటాది. దానికి నాతో పనేమీ ల్యా. ఈడ ఎవరికీ ల్యా" అన్నాడు.

అన్ని నెలల్లో ఆయన నోట వచ్చిన పెద్ద మాట అదే. ఏరి ఏరి నేను ఇచ్చింది, మనిషి అక్కర్లేని మొక్కను. పనిలో ఈయన లేకపోతే ఇంకొకడు రంగు వేస్తాడు. ఊళ్లో మా పిల్లలను అత్త చూసుకుంటోంది. నాకు మామా ఇంట్లో తిండికి లోటు లేదు.

ఆ వారం వంటింట్లో పుదీనా కట్టలోంచి వేళ్లున్న కాడలు ఏరి నాటాను. మొక్కలు కొత్త అన్నవాళ్లకు పుదీనా ఇవ్వకూడదు, అందులోనూ ఏసీ గదికి. అది రోజూ నీళ్లడుగుతుంది, వెలుతురు అడుగుతుంది, ఒక్కరోజు మరిస్తే తల వాల్చేస్తుంది. ఇచ్చేటప్పుడు అదే చెప్పాను.

"ఇది మొండిది కాదు బావా. నువ్వు చూడకుంటే చచ్చిపోతాది. తాగే నీళ్లే పొయ్యల్ల, దినామూ."

ఆయన డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. "దినామూనా?"

"దినామూ."

ఆ తర్వాత మాటలు తిరిగొచ్చాయి, అన్నీ పుదీనా గురించే. పొద్దున దాన్ని క్యాంపులో ఏ మూల పెడితే నీడ ఉంటుందో, తాను డ్యూటీలో ఉంటే లోపల పెట్టమని ఎవరితో హిందీలో పోట్లాడాడో, తన సీసాలోంచి ఎన్ని నీళ్లు మిగిల్చాడో చెప్పుకుంటూ పోయేవాడు. నేను బాగున్నానా అని అడగడం కూడా మరిచిపోయేవాడు.

ఒకసారి సగం అన్నంలోనే లేచాడు. నాకింకా గంట టైముంది.

"యాడికి బావా?"

"పొద్దున నీళ్లు పొయ్యలేదు మే. బస్సు తప్పితే అది ఎండిపోతాది" అంటూ చెప్పులేసుకుని, వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ రెండు గంటల కోసం నేను వారమంతా కాచుకుని ఉండేదాన్ని. నన్ను వదిలేసి పుదీనా దగ్గరికి పరుగెత్తిన మనిషి మీద ఒళ్లు మండిపోయింది. ఆయన సగం వదిలిన గిన్నె ముందు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. మనిషి నాకు దక్కాడన్న సంతోషంతోనే ఏడ్చాను.