కొత్త డిస్కులోకి

ఏలూరులో మా ఇంటి ముందుగదిలోనే డీటీపీ పని చేసేదాన్ని. ఒక వేసవిలో కంప్యూటరు హార్డ్ డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటుంటే నాకు అన్నం సయించేది కాదు. నేను తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. దాన్ని ఎక్కించే ఫ్లాపీ ఎప్పుడో పాడైపోయింది, అమ్మినవాళ్ళు కొట్టు ఎత్తేశారు. విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కిస్తే అది ఇక రాదు.

తాడేపల్లిగూడెం నుంచి రిపేరు చేసే ఆయన్ని పిలిపించాను.

"విండోసుతో సహా ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి దించేద్దామండి. రెండు గంటలు పడుద్దండి," అన్నాడు.

పదిన్నరకి మొదలైంది. రోజూ పన్నెండుకి కరెంటు కోత.

ఇంతలో రిటైరైన టీచరుగారొకావిడ ప్రూఫుల కోసం వచ్చారు. కొల్లేటి ఊళ్ళ చర్చిల్లో పాడుకునే పాటలు ఆవిడ తిరిగి తిరిగి రాసుకొస్తే, నేను పుస్తకంగా కొడుతున్నాను.

"పాటలన్నీ ఇందులోనే ఉన్నాయా అమ్మా?"

"ఇందులోనేనండీ."

వేరేచోట దాచుకోలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ కూర్చున్నారు. నేను వీధి గుమ్మానికీ కంప్యూటరుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

నలభై శాతం దగ్గర కాపీ ఆగిపోయింది.

"ఇక్కడ డిస్కు చదవట్లేదండి. ఈ ముక్క వదిలేసి ముందుకెళ్ళమంటారా?"

ఆ ముక్కలో ఏముందో నాకేం తెలుసు? వెళ్ళమన్నాను.

పన్నెండుకి కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టింది. బ్యాటరీ కాసేపు ఎక్కువ వస్తుందని ఆయన మానిటరు ఆపేశాడు. నల్లటి తెర ముందు ముగ్గురం డిస్కుల చప్పుడు వింటూ నిలబడ్డాం. కాసేపటికి ఆయన మానిటరు వేసి చూశాడు.

"అయిపోయిందండి."

కరెంటు వచ్చాక పాత డిస్కు తీసేసి ఆన్ చేశాడు. విండోస్ వచ్చింది. తెలుగూ వచ్చింది. పాటలు ఒక్కొక్కటే తెరిచాను. ఒక్కటి మాత్రం పిచ్చి గీతలుగా వచ్చింది.

"ఏ పాటమ్మా?"

చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "అది నాకు నోటికొచ్చు. కొట్టండి."

రెండు చరణాలు గడగడా చెప్పారు. మూడోది రాలేదు. రాసుకున్న కాగితమూ లేదట. మర్నాడే బస్సెక్కి, ఆ పాట చెప్పిన ముసలావిడ ఊరికి వెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత చరణంతో వచ్చారు.

"ఈసారి రెండు మాటలు మార్చి పాడిందమ్మా. ఇదే సరైందంట."

పుస్తకంలో అదే వేశాం.