రెండు ఆంపియర్ల చోట రాగి తీగ

2005 జూన్ మొదటి వారం. ఉదయం పదకొండు గంటలకు ఘాజియాబాద్ స్టేషన్‌లో దిగాను. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. నా దగ్గర ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక హోల్డాల్, మల్టీమీటరు పెట్టుకున్న తోలు సంచి. యూనిట్ లారీ రెండు గంటలకు వచ్చింది. ఊరు దాటి పన్నెండు కిలోమీటర్లు వెళ్లాం. చుట్టూ మట్టి, తుమ్మ పొదలు. దూరంగా ఇందిరాపురం వైపు సగం కట్టిన అపార్టుమెంట్లు, వాటి మీద క్రేన్లు. లూ అనే అక్కడి వడగాలి ముఖాన నిప్పులు చెరుగుతోంది.

మాది సైన్యంలో చిన్న సిగ్నల్ డిటాచ్‌మెంట్. పద్నాలుగు మందిమి. ఒక రేకుల షెల్టరు, అందులో నాలుగు రేడియో సెట్లు. సెట్లు నడిచేది ఇరవై నాలుగు వోల్టుల మీద. గోడ నుంచి వచ్చే కరెంటును అలా మార్చి ఇవ్వడానికి సెట్టుకొక ఇనప పెట్టె ఉండేది. పవర్ సప్లయి అనేవాళ్లం. నేను హవల్దారుని, రేడియో మెకానిక్‌ని. ఆ పెట్టెల మంచిచెడ్డలు నావి.

అక్కడ తెలుగు మాట్లాడేది నేను కాక ఒక్కడే. మూడో సెట్టు ఆపరేటరు, నాయక్ ర్యాంకు. జగిత్యాల దగ్గర పల్లె. నాది విజయనగరం. నా యాసకి అతను నవ్వేవాడు, అతని యాసకి నేను. మొదటి రోజే తన మగ్గులో సగం టీ నాకు పోసి, "ఈడ కరెంటుకు పిచ్చి లేసింది అన్నా" అన్నాడు. నిజమే. మీటరు పెట్టి చూశాను. గంటలో నూట అరవై నుంచి రెండు వందల అరవై వోల్టుల దాకా ఊగింది.

పెట్టెలో ఫ్యూజు రెండు ఆంపియర్లది. వేలెడు గాజు గొట్టం, లోపల సన్నని తీగ. కరెంటు మోతాదు మించితే అది కాలిపోయి దారి తెంపుతుంది. అది పోయిందంటే లోపల ఏదో చెడిందని అర్థం. ఇది మొదటి తరగతి పాఠం. నేను అప్పటికి పదమూడేళ్లుగా చెబుతున్న పాఠం.

పోస్టింగుకి రెండు వారాలైంది. సోమవారం ఉదయం ఎనిమిదికి మూడో సెట్టు ఆగింది. ఫ్యూజు మార్చాను. ఇరవై నిమిషాల్లో మళ్లీ పోయింది. స్టోర్లో అదే ఆఖరిది. కొత్తవి కావాలని ఇండెంట్ వెళ్లి రెండు నెలలైందని, వస్తాయని స్టోర్‌కీపరు చెప్పాడు. పెట్టె మీద చెయ్యి పెట్టాను. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వైపు కాలిపోతోంది. లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయని అనుమానం వచ్చింది. పెట్టె నుంచి సెట్టును విడదీసి, నూరు వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి చూస్తే తేలిపోతుంది. తేలితే పెట్టె వర్క్‌షాపుకి పోవాలి. వారం పని.

బుధవారం పదింటికి తనిఖీ. నాలుగు సెట్లూ నడుస్తూ కనబడాలి.

మా పైన ఉన్న సుబేదారు సాబ్‌కి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

"తార్ లగా దో." ఫ్యూజు బదులు తీగ పెట్టెయ్యమని.

నిప్పు అంటుకోవచ్చు సాబ్ అన్నాను. తనిఖీ అయ్యేదాకే కదా, ఆర్డరు ఆర్డరే అన్నాడు. రాసివ్వండి అని అడగాలి. అడక్కుండానే షెల్టరుకి నడిచాను.

కేబులు ముక్క ఒలిచి ఒక రాగి పోగు తీశాను. కాలిపోయిన ఫ్యూజు రెండు చివర్ల లోహపు మూతలకీ చుట్టి మళ్లీ హోల్డరులో పెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. సెట్టు లేచింది. 'ఫ్యూజు మార్చబడింది' అని రిజిస్టరులో రాయమన్నాడు సుబేదారు సాబ్. రాసి సంతకం పెట్టాను.

ఆపరేటరు హెడ్‌ఫోను మెడలోకి దించుకుని అడిగాడు.

"అన్నా, ఫ్యూజ్ ఏసినవా?"

"వేశాను" అన్నాను.

తనిఖీ బాగా జరిగింది. వచ్చిన ఆఫీసరు సుబేదారు సాబ్‌తో చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే తీగ పీకేసి సెట్టు ఆపేయాల్సింది. ఫ్యూజులు రానీ అనుకున్నాను. గురువారం అలాగే అనుకున్నాను. శుక్రవారం, శనివారం కూడా.

ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభై. నేను అరవై అడుగుల దూరంలో టెంటులో బ్యాటరీలకి నీళ్లు పోస్తున్నాను. ముందు వాసన వచ్చింది. కాలిన వార్నిష్ వాసన, నా వృత్తిలో ఎవరైనా నిద్రలో కూడా గుర్తుపడతారు. పరిగెత్తాను. ఆ పూట అవతలి స్టేషన్‌తో మాట్లాడుతున్న మా మూడో సెట్టు ఆపరేటరు చివరి మాట అవతలివాళ్ల లాగ్‌బుక్కులో ఉంది: "ఠహరో, ధువాఁ హై." ఆగండి, పొగ వస్తోంది.

మెయిన్ స్విచ్ ర్యాకు వెనక ఉంది. పొగలో అది అతనికి కనబడలేదు. మిగతా మూడు సెట్లూ అంటుకుంటాయని మండుతున్న పెట్టెను రెండు చేతులా పట్టి బయటికి లాగాడు. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్లలో తారు పోసి ఉంటుంది. అది మరిగిపోయి ఉంది. పెట్టె ఒరిగింది. తారు అతని మోచేతుల దాకా కారింది.

నేను వెళ్లేసరికి షెల్టరు బయట నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ ముందుకు చాపి, వేళ్లు ఎడంగా పెట్టుకుని. 

"మెయిన్ బంద్ చెయ్ అన్నా" అన్నాడు.

లోపలికి వెళ్లి ఆపాను. ఆ స్విచ్ పదహారు ఆంపియర్లు దాటితేనే తనంతట తాను పడుతుంది. ఒక పెట్టెను తగలబెట్టే అయిదారు ఆంపియర్లు దానికి ఒక లెక్కా? అంతసేపూ మంటకి కరెంటు అందిస్తూనే ఉంది. ఇసుక చల్లి ఆర్పాం. ఎవరూ చూడకముందే ఆ తీగ ముక్క పీకి తుమ్మ పొదల్లోకి విసిరాను. పెట్టెలో అన్నీ కాలాయి. అదొక్కటే చెక్కుచెదరలేదు.

విచారణకి ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. రిజిస్టరు నా ముందు పెట్టి ఇది నీ రాతేనా అని అడిగారు. నాదే అన్నాను. ఫ్యూజు మార్చావా అన్నారు. మార్చాను సాబ్ అన్నాను. గుమ్మం బయట సుబేదారు సాబ్ టోపీ సరిచేసుకుంటున్నాడు. లైనులో వోల్టేజి పెరగడమే కారణమని తేల్చారు. మెయిన్ ఆపకుండా పెట్టెను ముట్టుకోవడం ఆపరేటరు అజాగ్రత్త అని ఇంకో వాక్యం చేర్చారు. ప్రమాదమైన పదకొండో రోజున స్టోరుకి ఫ్యూజులు వచ్చాయి. నిండు డబ్బా.

ఆపరేటరు కుడిచెయ్యి వేళ్లు ఇక ముడుచుకోలేదు. మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది. నేను 2007లో రిటైరై విజయనగరం వచ్చాను. టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. "ఫ్యూజు లేకపోతే ఏటండీ, సిన్న తీగముక్క ఎట్టీండి, సాలు" అంటారు షాపుకి వచ్చినవాళ్లు. పెట్టనంటాను. చాదస్తమని నవ్వి పక్క షాపుకి పోతారు. అక్కడ పెడతారు. సైన్యంలో చేశారు కదా, క్రమశిక్షణ అంటే అదీ అని కొందరు మెచ్చుకుంటారు కూడా.

ఆపరేటరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి ఒక్కసారే వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంట, వార్డులో భోజనాల వేళ. తీగ సంగతి చెప్పేయాలనే వెళ్లాను. అతని భార్య ఊరినుంచి వచ్చి మంచం అంచున కూర్చుని పెరుగన్నం కలిపి తినిపిస్తోంది. రెండు చేతులూ కట్లతో అతను చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తున్నాడు. నన్ను చూసి, "మన తెలుగన్న. మెయిన్ బంద్ చేసి అందర్నీ కాపాడింది ఈ అన్ననే" అని ఆమెకు చెప్పాడు. ఆమె లేచి నిలబడింది. అప్పుడే కలిపిన ముద్ద నా చేతికి అందించింది.

"తిను అన్నా. పొద్దుగాల్నుంచి ఏం తిననట్టున్నవ్."

ఆ ముద్ద నా కుడి అరచేతిలో చల్లగా ఉంది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

తిన్నాను.