రాగిపిండి సంచి

నిన్న సాయంత్రం పాత గుడ్డసంచి ఒకటి దులిపితే రాగిపిండి వాసన వచ్చింది. అందులో పిండి పోసి ఏళ్ళయింది. ఆ తర్వాత అందులో స్పానర్లు పెట్టాను, వైర్లు పెట్టాను, ఒకసారి చపాతీల డబ్బా కూడా పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అయినా కుట్ల సందుల్లో ఇంకా కాస్త పిండి మిగిలినట్టుంది. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే మిత్రుడు తన సైకిల్‌కు మోటారు బిగించి పెట్టమని అడిగాడు. ఆ పని కోసమే సామాను బయటికి తీశాను. వాసన తగలగానే సుశీలమ్మగారు గుర్తొచ్చి, చేతిలో ఉన్న కొత్త మోటారు పెట్టెను విప్పకుండానే పక్కన పెట్టేశాను.

ఆవిడ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటి ఓనరు. కింద ఆవిడ ఒక్కరే ఉండేవారు, పై వాటాలో నేను. తాతల నాటి నుంచి బెంగళూరులో స్థిరపడిన నేతవారి కుటుంబం వాళ్ళది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నాది గోదావరి జిల్లా. నా తెలుగు ఆవిడకు నవ్వు తెప్పించేది, ఆవిడ తెలుగు నాకు. ఆవిడకు ఒక ప్రశ్న పుట్టిందంటే జవాబు దొరికేదాకా ఎదుటివాడి కాఫీ చల్లారిపోవలసిందే. కుక్కర్ విజిల్ ఎందుకు ఆగి ఆగి వేస్తుంది, మెట్రో పట్టాల మధ్య ఆ ఖాళీ ఎందుకు, అన్నీ కావాలి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నేను జవాబు చెప్పాలి. నేను చెప్పిన వాటిలో సగం ఆవిడ నమ్మేవారు కాదు. నమ్మకపోవడం వల్ల నేనే మళ్ళీ వెతికి చదువుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆవిడ రోజూ పొద్దున్నే లేడీస్ సైకిల్ మీద బెళ్ళందూరు వెళ్ళేవారు. అక్కడ ఆవిడ చెల్లెలు తన కూతురింట్లో పక్షవాతంతో మంచాన ఉండేది. ఈవిడ వెళ్ళి చెల్లెలికి తల దువ్వి, జడ వేసి, దారిలో చూసినవన్నీ చెప్పి వచ్చేవారు. కొన్నాళ్ళకు సుశీలమ్మగారి మోకాళ్ళు మొరాయించాయి. ఎలక్ట్రానిక్ సిటీలో పని చేసే కొడుకు మంజునాథ్ ఆటోలో వెళ్ళమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "ఆటోలో పోతే నేను పోయినట్ల ఉండదప్పా, ఎవరో నన్ను దించేసి పోయినట్ల ఉంటాది" అన్నారు నాతో. చివరికి సైకిల్‌కు మోటారు పెట్టడానికి కొడుకు సరేనన్నాడు. కానీ ఒక్కసారి కింద పడ్డారంటే సైకిల్ పాత సామాన్లవాడికి వెళ్ళిపోవాలని షరతు పెట్టాడు. చెప్పింది చేసే మనిషే.

నేను ఉత్సాహంగా లాప్‌టాప్ తెరిచి, దొరికిన వాటిలో పెద్ద మోటారు చూపించి, దాని వేగం, బలం వర్ణించాను. ఆవిడ అంతా విని, "ఎంత స్పీడు పోతాదో చెప్తా ఉండావు. నాకు యాడ నొస్తాదో అడగనే లేదే" అన్నారు. మర్నాడు పొద్దున ఆవిడ వెనకాలే ఇంకో సైకిల్ మీద బెళ్ళందూరు దాకా వెళ్ళాను. నొప్పి పుట్టిన చోటల్లా ఆవిడ బెల్లు కొట్టాలి, అదీ ఒప్పందం. చిత్రమేమిటంటే చదును రోడ్డు మీద బెల్లు మోగనే లేదు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు మోగింది. స్పీడ్ బ్రేకర్ దాటాక మోగింది. ఆవిడకు కావలసింది వేగం కాదు, మొదటి తోపు. అందుకు లోపల పళ్ళచక్రాలున్న చిన్న మోటారు చాలు. పెడల్ తిరగడం పసిగట్టి మోటారును నడిపే సెన్సర్ ఒకటి ఉంటుంది, అది ఒక్కటే పెడితే పని జరగదు. అది మేలుకోవాలంటే ముందు పెడల్ తిరగాలి, ఆవిడకు నొప్పంతా అక్కడే. కాబట్టి చేత్తో ఇచ్చే ఆక్సిలరేటర్ కూడా ఉండాలని తేలింది. ఇదంతా ఇంకా ఒక్క వస్తువూ కొనకముందే.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి పేచీ. లేడీస్ సైకిల్‌కు అడ్డకమ్మీ ఉండదు, మగవాళ్ళ సైకిల్‌కు పెట్టినట్టు మధ్యలో పెట్టడానికి చోటు లేదు. బ్యాటరీ బరువు ఎంతని అడిగారు. సుమారు మూడు కిలోలన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి అంత రాగిపిండి తూచి, ఈ గుడ్డసంచిలో పోసి తెచ్చారు. వాళ్ళ నాన్న మగ్గానికి కూడా ఇట్లాగే రాయి కట్టి, తగ్గించి, పెంచి చూసేవాడట. సంచిని ముందు బుట్టలో పెడితే హ్యాండిల్ ఒక పక్కకు వాలిపోయింది. కాళ్ళ దగ్గర కడితే ఎక్కేటప్పుడు చీర కుచ్చిళ్ళు తగులుకున్నాయి. క్యారియర్ చివర కడితే స్టాండు వేసిన సైకిల్ పడిపోయింది, సంచి మూతి ఊడి వాకిలంతా పిండి. నాకు నవ్వాగలేదు. "నీ బ్యాటరీ అయ్యుంటే నవ్వుతా ఉంటివా?" అని ఆవిడ కూడా నవ్వారు. చివరికి సీటును ఆనుకుని క్యారియర్ మొదట్లో కట్టి, రెండు కాళ్ళ స్టాండు వేస్తే కుదిరింది. వెనక ఆ బరువు ఉంది కనక మోటారు చక్రం ముందు పెట్టాం. దాని ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునే ఇనప పట్టీ బిగిస్తుంటే అదెందుకని అడిగారు. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంది, అదే బలంతో ఇరుసును వెనక్కి తిప్పబోతుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, తిరగలి తిప్పేటప్పుడు కింది రాయిని అదిమి పట్టుకోవడం లాంటిదే కదా అన్నారు. ఇరుసు గురించి అంతకంటే బాగా నేను ఎక్కడా చదవలేదు.

ఆక్సిలరేటర్ ఏ రకమన్నది మాత్రం ఆవిడే పట్టుబట్టి తేల్చారు. ఒకప్పుడు మోపెడ్ నడిపిన చెయ్యి కాబట్టి పిడి తిప్పే రకమే కావాలన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని మొదట కాంపౌండులోనే తిరిగారు, బ్రహ్మాండంగా నడిచింది. తంటా ఇంట్లోనే వచ్చింది. మా గేటు దగ్గర చిన్న ర్యాంపు ఉంది. దిగి, రెండు చేతులా పిడులు గట్టిగా పట్టుకుని సైకిల్‌ను పైకి తోసుకెళ్ళడం ఆవిడకు నలభై ఏళ్ళ అలవాటు. పైకి తోసేటప్పుడు మణికట్టు దానంతటదే తిరుగుతుంది. సైకిల్ ఒక్క దూకు దూకి గేటును గుద్దింది. ఆవిడ కూడా పడ్డారు, మోచెయ్యి గీరుకుపోయింది.

ఇక సైకిల్ పోయినట్టే అనుకున్నాను. కొడుక్కి చెప్పకపోతే సరిపోతుందని కూడా మెల్లగా అన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసి, దెబ్బ మీద పసుపు వేసుకుని, నాచేత సైకిల్ మళ్ళీ ర్యాంపు కింద పెట్టించారు. "తప్పు నాదే, కానీ ఎట్ల దూకిందో చూడాల కదప్పా" అన్నారు. ఈసారి నేను తోశాను, అట్లాగే దూకింది. అప్పుడు స్వయంగా కొడుక్కి ఫోన్ చేసి, పడ్డానని చెప్పి, ఆదివారం రమ్మన్నారు.

మంజునాథ్ వచ్చేటప్పటికి సైకిల్ ర్యాంపు కింద సిద్ధంగా ఉంది. ఆవిడ ఏమీ చెప్పలేదు, లోపల పెట్టమన్నారంతే. అతను తోశాడు. అది అతని చేతుల్లోంచి కూడా దూకింది. కాసేపు గేటు పట్టుకుని నిలబడి, తర్వాత పెద్దగా నవ్వేశాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని, బొటనవేలితో నొక్కే రకం ఆక్సిలరేటర్ బిగించాం. పట్టుకుని తోస్తే అది కదలదు. బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోయే లివర్లు కూడా మంజునాథే వెతికి కొనుక్కొచ్చాడు. సైకిల్ పాత సామాన్లవాడికి వెళ్ళలేదు. ఆవిడ ఇంకో నాలుగేళ్ళు దాని మీదే బెళ్ళందూరు వెళ్ళారు. పోయిన ఏడాది వానాకాలంలో జ్వరం వచ్చి, వారం కూడా మంచాన ఉండకుండా వెళ్ళిపోయారు. ఆవిడ లేని ఆ ఇంట్లో ప్రశ్నలడిగేవాళ్ళు లేక నాకు చాలా రోజులు ఏమీ తోచలేదు.

నెల కిందట మంజునాథ్ సైకిల్‌తో మా వాటా కింద ప్రత్యక్షమయ్యాడు. ఆదివారాలు అతనే దాని మీద చిన్నమ్మను చూడ్డానికి వెళ్తున్నాడట. చిన్నమ్మ ఆ బెల్లు విని తల దువ్వించుకోవడానికి దువ్వెన చేతిలో పట్టుకుంటుందట. తొక్కుతుంటే కష్టంగా ఉంది, పెద్ద మోటారు వేద్దామా అని అడిగాడు. "యాడ నొస్తాది?" అన్నాను. గోదావరివాణ్ణి, ఆ మాట నా నోట్లోంచి అట్లా వచ్చేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. అతను మోకాలు పట్టుకుని చూపించాడు. సీటు ఇంకా వాళ్ళమ్మ ఎత్తులోనే ఉంది. రెండంగుళాలు పైకి లేపితే సరిపోయింది. బోల్టు విప్పే ముందు, పాత ఎత్తు దగ్గర ఒక గీత గీసి పెట్టమన్నాడు. గీశాను.

మిత్రుడు రేపు పొద్దున తన సైకిల్ తీసుకుని వస్తానన్నాడు. మోటారు పెట్టె ఇంకా విప్పలేదు. ఇందాక కొట్టుకు వెళ్ళి మూడు కిలోల రాగిపిండి కొనుక్కొచ్చి, సంచిలో పోసి, ఈసారి మూతి గట్టిగా కట్టి పెట్టాను.