తెర కప్పిన పాలపిట్ట

మా ఆయన పోయాక దుకాణంలో మిగిలినవి ఒక కెమెరా, గోడ నిండా పిట్టల ఫొటోలు. పెళ్లిళ్ల ఫొటోలతో సంపాదించింది ఆయన పిట్టల మీద పోగొట్టేవాడు. యుద్ధం రోజులు, ఫొటో కాగితమే దొరకదు. దొరికిన మంచి కాగితం కొంగలకూ నీటికోళ్లకూ పోయేది. గాజుపలక మీది బొమ్మను కాగితం మీదికి ఎత్తడం, మందునీళ్లలో కడగడం నాకూ నేర్పాడు. అక్షరాలు సరిగా రాకపోయినా ఆ పని మాత్రం వచ్చింది.

మరిది వచ్చి మర్యాదగానే చెప్పాడు.

"వదినే, దసర దాంక చూద్దాం. గీ బొమ్మలు ఎవలన్న కొంటె సరే. లేకుంటె కెమెరా అమ్మేసి మా ఇంటికి రా. వంట జేస్కుంట ఉందువు."

వాళ్లింటి పొయ్యి నాకు తెలియనిది కాదు. పొద్దున ముట్టిస్తే రాత్రిదాకా ఆరదు. ఎట్లాగైనా దుకాణం నిలవాలనుకున్నాను.

దసరా నాడు మా ఊళ్లో పాలపిట్టను చూడనిదే ఎవరూ ఇంటికి తిరిగిరారు. జమ్మిచెట్టుకు పోయే దారిలోనే మా దుకాణం. ముందు అరుగు మీద పాలపిట్ట పటాలు వరసగా పెట్టించాను. రెక్కలు విప్పి లేస్తున్న పిట్ట. ఆ రెక్కలకు నీలం రంగు మా ఆయనే సన్న కుంచెతో వేశాడు. పండుగ పూట ముండమోపి ఎదురుపడితే మంచిది కాదంటారు గనక నేను లోపల, ఫొటోలు కడిగే చీకటి గదిలో కూర్చున్నాను. అరుగు మీద పక్కింటి అక్కను నిలబెట్టాను.

జనం వచ్చారు. చెప్పులు విడిచి మరీ దండాలు పెట్టారు. కొందరు పటం ముందు జమ్మి ఆకు పెట్టి పోయారు. కొన్నవాళ్లు లేరు.

అక్క ఒకామెను నిలదీసింది. "దండం వెట్టేటోళ్లే గని కొనేటోళ్లు లేరేందమ్మా?"

"కొని ఏడ వెట్టుకోవాలె? గోడకు పెడితె దినాం కండ్లవడ్తది. దినాం జూసేదాన్ని దసరకు జూస్తె ఏం ఫలం?"

"మంచంల ఉన్న మీ అత్తకెట్ల జూపిస్తవ్ మరి?"

"గందుకే అడుగుతున్న. గీ పొద్దుకు తీస్కపోయి రేపు తెచ్చిస్త, ఇయ్యరాదు?"

"బదులియ్యనీకి గిదేమన్న చింతపండా?"

లోపల నాకు నవ్వు రాలేదు. ఆమె మాటలో తప్పేమీ కనబడలేదు. పెట్టెలో మా ఆయన పాత ధోతి ఉంది. దాన్ని చింపి, పటానికి సరిపోయే తెర కుట్టి, పైన దారం కట్టాను. ఎవరేమనుకుంటే అనుకోనీ అని బయటికి వచ్చాను.

"తెర దించి పెట్టుకో. పండుగనాడే లేపు."

ఆమె నా మొహం చూసి వెనక్కి జరిగింది. తర్వాత పటం వైపు చూసింది.

"దినాం కనవడది గద?"

"కనవడది."

కొన్నది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ధోతి అయిపోతే పాత చీర చింపాను. చీకటి పడేవేళకు జమ్మి ఇవ్వడానికి మరిది వచ్చాడు. ఖాళీ అరుగు చూశాడు. కెమెరా మాట ఎత్తలేదు.

"మా అత్తగారింటికొకటి కావాలె వదినే. తెర జర మంచిగ కుట్టు."

ఒక్క పాలపిట్ట కోసం మా ఆయన ఎండలో చేనుగట్టున బోర్లా పడి ఉండేవాడు. నలుగురూ చూడాలనే ఆ తిప్పలు. కొన్నవాళ్ల ఇళ్లలో ఆ పిట్ట ఏడాదంతా బట్ట వెనకే ఉంటుంది. ఆయన ఉంటే ఒప్పుకునేవాడు కాదు. నేను మాత్రం మర్నాడే బజారుకు పోయి తెరలకని ముతక బట్ట తెచ్చుకున్నాను.