మా అత్త సమాధి దగ్గర కాకులు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. తాండూరులో ఆటో నడుపుతాను. శ్మశానం పక్క నుంచి ఏ వేళప్పుడైనా పోతాను, ఏనాడూ నాకేమీ కనబడలేదు. ఇది చెప్పాలంటే నా మీద నాకే నవ్వొస్తుంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మేనత్త పెద్దేముల్‌లో క్రైస్తవుల ఇంటి కోడలు. పెళ్లయ్యాక ఆమె కూడా చర్చికి పోయేది. మేమేమో గొర్రెలు కాసుకునే హిందువులం. ఆమె చనిపోతే వాళ్ల పద్ధతిలో పెట్టెలో ఉంచి, పాటలు పాడి పూడ్చారు. మేమూ పూడ్చిపెడతాం కానీ పెట్టె ఉండదు, డప్పులుంటాయి. అదంతా నాన్న ఓర్చుకున్నాడు.

మూడో రోజు మాత్రం పిట్టకు పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి సమాధి మీద పెడతాం. కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు తినరు. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో ఉండిపోయిందని లెక్క.

అత్త కూతురు ఎస్తేరు అడ్డు చెప్పలేదు. "మాకు గిది లేదు మామా. నీ తృప్తికి జేస్కో" అంది.

విస్తరిలో అన్నం, మటన్ కూర పెట్టాం. కాకులైతే వచ్చాయి. విస్తరి చుట్టూ తిరిగాయి, తొంగి చూశాయి, పక్కకు జరిగాయి. ఒక్కటీ ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. నాన్నది షుగర్ ఒళ్లు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఏమైనా తినమంటే నన్ను కసురుకున్నాడు.

"అక్కా, నువ్వు మీ దేవుని పేరు జెప్పి వెట్టిన బువ్వ నేను తినకపోతి. గందుకే కోపమా?" అని ఏడ్చాడు.

నిజమే. అత్త భోజనం ముందు ప్రార్థన చేస్తుందని నాన్న ఆ ఇంట్లో తినడమే మానేశాడు.

ఎస్తేరు ముందుకు వచ్చింది. "మామా, అమ్మ ప్రార్థన జెయ్యకుండ ఒక్కనాడు గూడ తినలే" అని, విస్తరి ముందు కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థించింది. "ఆమెన్" అన్నదో లేదో, ఒక కాకి వచ్చి ముద్ద అందుకుంది. దాని వెనకే మిగతావి.

కాకులకు ప్రార్థన ఏం తెలుసు? ఆకలికి ఆగలేక దిగాయనుకుందామంటే, మరి అప్పటిదాకా వాటిని ఆపిందెవరు? ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

అత్త వాళ్ల ఇంటికి పోయాక ఎస్తేరు నాన్న ముందు కంచం పెట్టింది. అంత ఆకలి మీద ఉన్న మనిషి చెయ్యి పెట్టలేదు.

"బిడ్డా, నా కంచానికి గూడ జెప్పు" అని తల వంచాడు.