మగ్గం గుంతలో దాచిన చీర

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో బీరువా అనేదే లేదు. ఇంట్లో నలుగురం. అందరి బట్టలకూ కలిపి ఒక రేకుపెట్టె, గోడవారగా వేలాడే ఒక దండెం, అంతే. మా నాయనా అమ్మా ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్ళు. ముందు గదిలో రెండు గుంతమగ్గాలు పక్కపక్కనే ఉండేవి. నేలలో తవ్విన గుంతల్లోకి కాళ్ళు దించుకుని పొద్దుగుంకేదాకా ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఎవరెవరి పెళ్ళిళ్ళకో మా ఇంటినుంచి పట్టుచీరలు పోయేవి. మా ఇంటి ఆడవాళ్ళు రోజూ కట్టేది మాత్రం నూలుచీరలే.

చీరల విషయంలో మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఒక పద్ధతి పెట్టుకుంది. ఒంటిమీద ఒకటి, దండెం మీద ఒకటి, పెట్టెలో ఒకటి. పండక్కి నాలుగోది వచ్చిందంటే, ఆ పొద్దే పాతవాటిలో ఒకటి గడప దాటాల్సిందే. అదీ చిరిగిపోయాక కాదు, ఇంకా నాలుగేళ్ళు కట్టుకోవడానికి పనికొచ్చేటప్పుడే. చిరిగిన గుడ్డలిచ్చి పుణ్యం కట్టుకున్నామనుకునే వాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళుమంట. ఉన్న మూడు చీరలనూ మాత్రం కంటికి రెప్పలా చూసుకునేది. నీడన ఆరేసేది. పట్టుచీరైతే ఎప్పుడూ ఒకే మడతలో ఉంచేది కాదు. మడత మార్చకపోతే ఆ గీత దగ్గరే పోగు విరుగుతుందని, నెలకొకసారి పెట్టె తెరిచి, విప్పి, వేరే మడత పెట్టేది. మా అమ్మ కూడా అత్త దగ్గర ఈ పని నేర్చుకుంది. ఆ రోజు పెట్టె పక్కన కూర్చుని చూడటం నాకు పండగలా ఉండేది.

నాకు తొమ్మిదో ఏడు నడిచేటప్పుడు, ఎండాకాలంలో, మా అమ్మ పోయింది. నాలుగు రోజులు జ్వరం, అంతే. అమ్మకు ఉన్నవి మూడే చీరలు కదా. ఆకుపచ్చ చీర ఆమెతోనే పోయింది. దండెం మీద పసుపుపచ్చ అంచున్న నీలం చీర మిగిలింది. పెట్టెలో పెళ్ళిచీర మిగిలింది. కుంకుమరంగు పట్టుచీర అది. పెళ్ళికి ముందు మా నాయన సొంతంగా పట్టు కొనుక్కుని, కాబోయే భార్య కోసం తన చేత్తో నేసిన చీర.

దినాలు అయిపోయిన మరునాడే అవ్వ నీలం చీర తీసి పక్కింటి అక్కకు ఇచ్చేసింది. ఆ అక్క బత్తలపల్లి నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. పట్టుచీర పెనుకొండలో ఉన్న మా పిన్నమ్మకు ఇవ్వాలన్నది. పిన్నమ్మ మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెకు పెళ్ళి కుదిరివుంది. "నా చీరే కట్టుకుని పీటల మీద కూర్చోవాల" అని అమ్మ బతికుండగానే ఆమెకు మాట ఇచ్చిందట. పోయినవాళ్ళ చీర పెళ్ళికూతురికేమిటని ఎవరో నసిగారు. "ముత్తైదువగా పోయిన బిడ్డ. ఆ చీరకు దోషమేముండాది?" అని అవ్వ ఆ నోరు మూయించింది.

నాకు మాత్రం అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. అమ్మను పంపించేశారు, ఇప్పుడు అమ్మ చీరలనూ పంపించేస్తున్నారు అనుకున్నాను. ఆ పట్టుచీరకు పెట్టెలో వేసే ఎండిన వేపాకు వాసనా, దాని కింద అమ్మ వాసనా ఉండేవి. అవ్వ నీళ్ళకు పోయినప్పుడు పెట్టె తెరిచి చీర తీశాను. ఎక్కడ దాచాలో ఆలోచించనే లేదు. అమ్మ మగ్గం ఖాళీగా ఉంది. దాని గుంతలోకి దిగే ధైర్యం నాయనకు కూడా లేదు. అక్కడ అమ్మ పాదాలు తగిలి తగిలి నేల నున్నగా అయివుండేది. చీరను ఒక గోనెపట్టాలో చుట్టి, కాళ్ళతో తొక్కే పలకల కింద పెట్టి వచ్చాను. అమ్మ చీర అమ్మ దగ్గరే ఉందని నాకు ఎంతో నెమ్మది కలిగింది.

చీర కోసం ఇల్లంతా వెతికారు. అవ్వ నన్ను ఒక్కసారి అడిగింది. తెలీదన్నాను. నా ముఖం వంక కొంతసేపు చూసి, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం బడినుంచి వస్తున్నాను. మా వీధి కొళాయి దగ్గర బిందె ఎత్తుకుంటూ నీలం చీర కనబడింది. పసుపుపచ్చ అంచు. నడుం దగ్గర కొంగు దోపుకున్న తీరు. నా బుద్ధి ఏమైందో, "అమ్మా" అని అరుస్తూ పరిగెత్తి వెనకనుంచి ఆ చీరను వాటేసుకున్నాను. ఆమె తిరిగింది. పక్కింటి అక్క. సిగ్గుతోనూ దుఃఖంతోనూ నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అక్క బిందె దించింది. తడి చేతులతోనే నా తల దగ్గరికి తీసుకుని, నా ఏడుపు తగ్గేదాకా ఆ చీర కొంగులోనే నన్ను దాచుకుంది. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరూ బిందెలు పట్టుకోవడం మానేసి నిలబడిపోయారు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అక్క ఆ చీర కట్టుకుని మా గుమ్మం ముందునుంచే నీళ్ళకు పోయేది. నేను మొదట్లో తలుపు చాటునుంచి చూసేదాన్ని. కొన్నాళ్ళకు గడపలోనే కూర్చునేదాన్ని. ఆమె పలకరించేది కాదు. బిందెతో మెల్లగా వీధి దాటేది.

పిన్నమ్మ పెళ్ళికి పెనుకొండ పోయాం. ఎవరిదో అడిగి తెచ్చిన పట్టుచీరలో ఆమె పీటల మీద కూర్చుంది. చీర పొట్టిది. మాటిమాటికీ కుచ్చిళ్ళు కిందికి లాక్కునేది. తాళి కట్టే ముందు జనంలో ఎవరికోసమో వెతికింది. మా అమ్మకోసమేనని నాకు అర్థమైంది. ఆ పూట విస్తట్లో వడ్డించిన ఓళిగను అట్లాగే వదిలేసి లేచాను. గుంతలోంచి చీర తీసి ఇవ్వాలంటే అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మా వైపు వానంటే అందరికీ సంబరం, నేసేవాళ్ళకు తప్ప. వాన పడితే మగ్గం గుంతల్లోకి చెమ్మ దిగుతుంది, మగ్గాలు ఆగిపోతాయి. మగ్గాల ఇంట్లో పుట్టిన నాకు ఆ సంగతి తెలియక కాదు. అమ్మ పాదాల చోటికి కూడా చెమ్మ వస్తుందని మాత్రం తోచలేదు. వానలు తగ్గాక గోరంట్ల నుంచి ఒకాయన అమ్మ మగ్గంలో నేయడానికి వస్తానన్నాడు. గుంత శుభ్రం చేద్దామని అవ్వ దిగింది. కొంతసేపటికి గోనెపట్టా చేత్తో పట్టుకుని పైకొచ్చింది.

చీర విప్పితే అట్టలు అట్టలుగా ఊడింది. జరీ నల్లబడింది. ఒక మూల చెదలు. మా నాయన మగ్గంలోంచి లేచి వచ్చి, బాగున్న అంచును రెండు వేళ్ళతో తడిమాడు. ఎవరు చేశారని అడగలేదు. ఆ రోజు మళ్ళీ మగ్గంలో కూర్చోనూ లేదు. నన్ను కొట్టివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అవ్వ కూడా కొట్టలేదు, తిట్టలేదు. శుక్రవారం దాకా ఆగింది. ఆ పొద్దు నన్ను గడపలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. పక్కింటి అక్క బిందెతో వచ్చింది. నీలం రంగు కాస్త వెలిసింది, అయినా చీర నిండుగా, ఉతికిన మడతలతో కళకళలాడుతోంది. "చూడు పాపా, మీ అమ్మ నీళ్ళకు పోతాండాది" అంది అవ్వ. నేను ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "నేనిచ్చింది ఇంకా నడుస్తాండాది. నువ్వు దాచింది మట్టిలో కలిసిపాయ. దాచుకోవాలని నాకు మాత్రం ఆశ లేదనుకున్నావా?" అంది. ఆ చివరి మాట అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతదాకా అవ్వకు ఏడుపు రాదనే అనుకున్నాను.

పట్టుచీరలో పాడుకాని మూర అంచు కత్తిరించి అవ్వ నా పావడకు కుట్టింది. నేను ఎదిగి అది పొట్టిదయ్యాక, ఆ పావడ కూడా గడప దాటింది. నీలం చీర ఏళ్ళ తరబడి కట్టాక పక్కింటి అక్క బిడ్డకు ఉయ్యాల అయింది. ఆ ఉయ్యాల నేనే ఊపేదాన్ని. అక్కవాళ్ళ ఇంటి వెనకే ఇంకో కొళాయి ఉండేదనీ, మా గుమ్మం ముందునుంచి రావలసిన పని ఆమెకు లేనేలేదనీ నేను పెద్దయ్యాక గాని గమనించలేదు.

ఇప్పుడు హిందూపురంలో మా కోడలి గదిలో గోడంత బీరువా ఉంది. నావి మూడు చీరలు, పెళ్ళిళ్ళకు ఇంకొకటి. అవ్వంత నిష్ఠ నాకు లేదు. తక్కువ బట్టలతో ఎలా బతకాలో చెప్పే వీడియో ఒకటి మొన్న మనవరాలు ఫోన్లో చూపించింది. ఆ వీడియోలో అమ్మాయి తన బట్టలన్నీ మంచం మీద పరిచి, వద్దనుకున్నవి పక్కకు తోస్తోంది. మా అవ్వ ఉండివుంటే, తోసినవి ఎవరికిచ్చిందో చెప్పదేమని అడిగేది. "మీ అమ్మ చీర ఒక్కటన్నా దాచుకోలేదా అవ్వా?" అంది మనవరాలు. దాచాననీ, అందుకే లేదనీ చెప్పాను. పిన్నమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పలేకపోయాను. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ పొట్టి చీరతో తీయించుకున్న పెళ్ళి ఫోటో ఇంకా పెనుకొండలో వాళ్ళ గోడకే ఉంది.

పోయిన నెల నా బూడిదరంగు చీరను మా వీధికి వచ్చే పూలామెకు ఇచ్చాను. బాగున్న చీరే. నిన్న మనవరాలు కాలేజీనుంచి వచ్చి నవ్వుతూ చెప్పింది. "బస్టాండు కాడ వెనకనుంచి చూసి నువ్వే అనుకున్నా అవ్వా. పిలిచేసినా. తిరిగితే పూలామె." మనవరాలితో పాటు నేనూ నవ్వబోయాను గాని, నవ్వు రాలేదు. దండెం మీది చీర తీసి మడత మార్చుకుంటూ కూర్చున్నాను. ఈ రోజు ఆ బిడ్డకు నవ్వు వచ్చింది. నేను పోయాక అదే చీర వెనకాల పరిగెత్తి ఏడుస్తుంది. ఏడవనీ. ఆ చీర తిరిగేలోపు ఒక్క క్షణమైనా నేను కనబడతాను.